ఎనిమిదేళ్ల మొగ్గ, బొగ్గుల కుంపటి

ఆదివారం తెల్లారగానే తోకుజీ పెరట్లోకి పరుగెత్తాడు. మేపుల్ చెట్టు నీడలో, మంచు కరిగిన నేల మీద, కటకురి అనే కొండ పూల మొక్క రెండాకుల మధ్య మొగ్గ తల వంచుకుని ఉంది. విత్తనం వేసి ఎనిమిదేళ్లయింది. ఇన్నాళ్లూ ఏటా ఒక్క ఆకు చూపించి, వేసవి రాకముందే మాయమయ్యేది. ఈ వసంతంలోనూ పూయకపోతే ఆ నీడపట్టు తను పుట్టగొడుగులు పెంచే దుంగలకు వదిలెయ్యాలని భార్య కినూయే గడువు పెట్టింది. దుంగలు అప్పుడే గోడకు ఆనించి ఉన్నాయి.

మొగ్గ కనిపించిన గురువారం నాడే, సంతోషం పట్టలేక, వాడలో ఇంటింటికీ తిరిగే నోటీసు పలక మీద రాసేశాడు: "మా పెరట్లో కటకురి వచ్చింది. ఆదివారం పదింటికి అందరూ రండి."

పదింటికి పన్నెండిళ్ల వాళ్లూ దిగారు, గిన్నెలతో, తినే పుల్లలతో, సోయా సాస్ సీసాలతో. ఆ కొండ ఊళ్లో కటకురిని ఉడికించి తినడానికి పిలుస్తారు గానీ, చూడ్డానికి ఎవరూ ఎవరినీ పిలిచిన పాపాన పోలేదు. తొంభై ఏళ్ల హత్సు అవ్వయితే పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు.

తోకుజీ గుండెల్లో రాయి పడింది. పైగా మబ్బు పట్టింది. వెచ్చదనం తగిలితే తప్ప ఆ పువ్వు విచ్చుకోదు.

"కూర ఏదిరా?" అంది అవ్వ.

"కూర కాదవ్వా, పువ్వు. అదుగో."

"ఒక్కటేనా? పోన్లే, నాకొక్కదానికి సరిపోద్ది." అవ్వ నడుముకున్న చిన్న కొడవలి తీసింది.

తోకుజీ బురదలో బోర్లా పడి మొక్క చుట్టూ చేతులు అడ్డం పెట్టాడు. ఇంటి పరువు పోతుందని కినూయే గబగబా నూడుల్స్ వండడానికి పూనుకుంది. అంత పెద్ద గిన్నె వంటింటి పొయ్యి మీద పట్టక, బొగ్గుల కుంపటిని పెరట్లోకే తెచ్చి, ఆయన తలకు మూరెడు దూరంలో పెట్టింది.

"ఎలాగూ లేవరుగా, కాస్త విసరండి" అని విసనకర్ర చేతికిచ్చింది.

ఆయన ఏడుపు మొహంతో విసిరాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి, సెగ మొగ్గకు తగిలింది. కాసేపటికి ఊదారంగు రేకులు ఒక్కొక్కటే విడివడి వెనక్కి మడత పడ్డాయి. ఆనందంతో ఆయన కళ్లు చెమర్చాయి. కినూయే గరిటె పట్టుకునే ఆయన పక్కన బురదలో కూర్చుండిపోయింది.

"ఎంత బాగుందండీ" అంది.

గిన్నెలన్నీ నేల మీదికి దిగాయి. అవ్వ కూడా వంగి చాలాసేపు చూసింది.

"బాగుంది. ఉడికిస్తే ఇంకా బాగుంటది."

ఆ సాయంత్రమే కినూయే తన దుంగలన్నీ మోసుకొచ్చి పువ్వు చుట్టూ కంచెలా పాతింది. అడవి జంతువుల బెడద ఎక్కువైందనే ఈ కంచె వేశామని నోటీసు పలక మీద రాసింది, హత్సు అవ్వ నొచ్చుకోకుండా.