తల తిరిగే ప్రెస్సు

సౌందరరాజన్‌కు తుపాకి అంటే భయం. దీపావళినాడు పక్కింట్లో లక్ష్మీబాంబు పేలితే పూజగదిలోకి వెళ్ళి తలుపేసుకునే మనిషి. అయినా ఆరేళ్ళుగా తిరుపతిలో ఒక రైఫిల్ క్లబ్బుకు ఆయనే కార్యదర్శి. కారణం ఆయన దస్తూరీ. ఒకసారి ఆయన రాసిన అర్జీ చూసి క్లబ్బు అధ్యక్షుడు, రిటైర్డ్ మేజర్ పరంధామయ్య, "గురి నేను చూసుకుంటా, రాత నువ్వు చూసుకో" అని పట్టేసుకున్నాడు. కాదనడం సౌందరరాజన్‌కు పుట్టుకతోనే రాదు.

ఆ సోమవారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, రాజారత్నం ప్రెస్సులో ఒక కాగితం అచ్చుకివ్వడం, పదింటికల్లా తాను గుమాస్తాగా ఉన్న సత్రం ట్రస్టు ఆఫీసులో కూర్చోవడం. ఎమర్జెన్సీ వచ్చి ఏడాది దాటింది కాబట్టి పదింటికల్లా కూర్చోవడం అందరికీ అలవాటైంది.

కాగితం సంగతి ఇది. క్లబ్బుకు కొత్త తూటాలు దొరకడం మానేశాయి. కాల్చిన ఖాళీ తూటాలనే మళ్ళీ నింపుకునే యంత్రం ఒకటి ఉంది, దాన్ని రీలోడింగ్ ప్రెస్ అంటారు. కొనుక్కోమని కలెక్టరు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాడు. కలకత్తాలోని ఒక కంపెనీ రెండు కేటలాగులు పంపింది. ఒక రకం మురుకుల గొట్టంలాగా పిడి లాగినప్పుడల్లా ఒక్క పనే చేస్తుంది. రెండో రకానికి తల గుండ్రంగా తిరిగి వరసగా నాలుగు పనులు చేస్తుంది. ఏది కొనాలన్న దాని మీద సభ్యులు రెండు నెలలుగా కొట్టుకు చస్తున్నారు. చివరికి నలభైమందికీ అచ్చు కాగితం పంపి ఓటు అడుగుదామని మేజరు తేల్చాడు.

రాజారత్నం, సౌందరరాజన్ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. రాజారత్నానికి ఉన్నదల్లా ఇంటి ముందరి గదిలో కాలితో తొక్కే ఒక ట్రెడిల్ మిషను. పెండ్లిపత్రికలు, చర్చి పాటల కాగితాలు వేసేవాడు. ఆ మిషను తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. సౌందరరాజన్ తండ్రి పోయినప్పుడు అడక్కుండానే కార్డులు వేసి తెచ్చి, వాకిట్లో నిలబడి ఏడ్చిన మనిషి.

"సామీ, పెద్దచ్చుల్లో 'రీ' విరిగిపోయుండాది. మద్రాసునుంచి రావాల. వారం ఆగతావా?" అన్నాడు రాజారత్నం కాగితం చూసి.

"ఆదివారం మీటింగప్పా! లేటయితే మేజరు నన్నే నిలబెట్టి కాలుస్తాడు. ఆ 'రీలోడింగ్' ఎత్తేయి. ఉత్త ప్రెస్సని వెయ్యి. ఏం ప్రెస్సో మావాళ్ళకు తెలీదా?"

"క్లబ్బు పేరు?"

"అది కవరు మీద ఎట్లా ఉండనే ఉండాది. చోటు దండగ."

సౌందరరాజన్‌కు క్లుప్తత అంటే ప్రాణం. ఫలితంగా గంటలో తయారైన కాగితం ఇలా ఉంది:

"మనకు ఎటువంటి ప్రెస్సు కావాలి? నిదానంగా పనిచేసేదా, తల తిరిగేదా? సొంత ప్రెస్సు లేక మన తుపాకులు మూగబోయి ఏడాది దాటింది. సభ్యులందరూ నిర్భయంగా అభిప్రాయం తెలుపవలెను. ఆదివారం ఉదయం మామూలు చోట కలుద్దాం."

అడుగున, చట్టం చెప్పినట్టుగా, రాజారత్నం తన ప్రెస్సు పేరు, వీధి పేరు పొల్లుపోకుండా వేశాడు.

సౌందరరాజన్ ఒక కాపీ ఇంట్లో గూట్లో పెట్టి ఆఫీసుకు పోయాడు. భార్య కుముదవల్లి దాన్ని చదివింది. 'సొంత ప్రెస్సు' దగ్గర ఆగిపోయింది. ఆయన ఉద్యోగం వదిలేసి రాజారత్నంతో కలిసి ప్రెస్సు పెడుతున్నాడని ఆమెకు అర్థమైంది. కాగితం కొంగున కట్టుకుని ఆఫీసు సూపరింటెండెంటు శఠగోపం ఇంటికి పరుగెత్తి, ఆయన భార్య పెరుందేవి ముందు కూలబడింది.

"మామీ, మా ఆయన రాజీనామా ఇస్తే తీసుకోవద్దని మామకు చెప్పండి. ఆయనకు తల తిరిగిందని ఆయనే అచ్చేసుకున్నాడు!"

పెరుందేవి కాగితాన్ని ఆఫీసుకు పంపింది. శఠగోపం దాన్ని మూడుసార్లు చదివాడు. మొదటిసారి 'తుపాకులు', రెండోసారి 'నిర్భయంగా', మూడోసారి 'ఏడాది దాటింది' కనబడ్డాయి. ఇలాంటివాణ్ణి దగ్గర పెట్టుకున్నందుకు ముందు తననే తీసుకుపోతారు. సౌందరరాజన్ మీద సస్పెన్షన్ ఉత్తరువు టైపు చేయించి సొరుగులో పెట్టి, తానే నడుచుకుంటూ పోలీసు స్టేషనుకు వెళ్ళాడు.

ఎస్సై మునికృష్ణ చురుకైనవాడు. కాగితం చదవడం ముగించకముందే చిత్తూరుకు ఫోను చేసి, "రహస్య ప్రెస్సును పట్టుకున్నాం, స్వాధీనం చేసుకున్నాం" అని చెప్పేశాడు. పట్టుకోవడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

పదకొండింటికి సౌందరరాజన్‌ను ఆఫీసులో అందరూ చూస్తుండగా జీపెక్కించారు.

"ప్రెస్సు యాడుండాది?"

"ఇంకా రాలేదు సార్. కలకత్తానుంచి రావాల."

"కలకత్తానా!" ఎస్సై కలం ఆగిపోయింది. "తల తిరిగేది అంటే? ఎవురి తల?"

"ప్రెస్సుది సార్."

చెంప ఛెళ్ళుమంది. కళ్ళజోడు బల్ల కిందకు పోయింది. నలభై ఆరేళ్ళ వయసులో, తిరుమణి నామం పెట్టుకున్న మొహం మీద, కన్నకొడుకు వయసువాడి చేతిలో తిన్న ఆ దెబ్బకు ఆయనకు నొప్పి కన్నా సిగ్గు ఎక్కువ కలిగింది. కేటలాగులు ఇంట్లో ఉన్నాయని గొణిగాడు. కానిస్టేబులు వెళ్ళి దోసెడు బూడిద తెచ్చాడు. జీపు సంగతి విన్న కుముదవల్లి, ఇంట్లో ఇంగ్లీషులో ఉన్న కాగితాలన్నీ నీళ్ళ పొయ్యిలో పెట్టేసింది.

మధ్యాహ్నం మేజరు కలెక్టరు ఉత్తరువుతో దిగాడు. ఎస్సై చదివి లేచి నిలబడ్డాడు.

"తూటాలు చేసే ప్రెస్సా! ఆ మాట ముందే సెప్పొద్దా సామీ? నేను పేపర్లు అచ్చేసే ప్రెస్సు అనుకుంటి!"

కుర్చీ వచ్చింది. టీ వచ్చింది. కళ్ళజోడు తుడిచి చేతికిచ్చారు. సౌందరరాజన్ టీ గుటక వేస్తుండగా ఎస్సై తల గోక్కున్నాడు.

"ఒక సిక్కు వచ్చింది సామీ. ప్రెస్సును స్వాధీనం చేసుకున్నామని పైకి సెప్పేసినా. ఇప్పుడు ఏదో ఒక ప్రెస్సు సూపియ్యకుంటే నా ఉద్యోగం పోతాది." కాగితం అడుగున వేలు పెట్టాడు. "ఈడ పేరు, వీధి అన్నీ ఉండాయి. పర్మిషన్ లేకుండా అచ్చేసినాడు గదా, తప్పే గదా?"

"అతనికేం తెలీదు సార్. నేను చెప్పినట్టు వేసినాడు."

"అట్టయితే తప్పు నీదని రాసుకుందామా?"

సౌందరరాజన్ నోరు మూసుకున్నాడు. చెంప ఇంకా మండుతోంది. అక్కడ ఆఫీసులో శఠగోపం సొరుగులో టైపయిన సస్పెన్షన్ ఉత్తరువు ఉంది. మేజరు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

స్టేషను రైటరు సెలవులో ఉన్నాడు. "నీ దస్తూరీ బాగుంటాదంట గదా" అన్నాడు ఎస్సై.

రాజారత్నం ప్రెస్సులో పంచనామా సౌందరరాజనే రాశాడు. ట్రెడిల్ మిషను ఒకటి, అచ్చు పెట్టెలు పన్నెండు, చర్చి పాటల కాగితాలు కట్ట ఒకటి. గొళ్ళానికి లక్క కరిగించి ముద్ర వేస్తుంటే రాజారత్నం సిరా చేతులతో పక్కకు వచ్చి నిలబడ్డాడు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

"సామీ, 'రీ' రేపటికే వస్తాదంట. ఇంగొక్క దినం ఆగింటే సరిపోయుండు" అన్నాడు నెమ్మదిగా.

సస్పెన్షన్ ఉత్తరువు సొరుగులోనే చిరిగిపోయింది. ఆదివారం సభ్యులు గొడవేమీ లేకుండా తల తిరిగే ప్రెస్సుకే ఓటేశారు. మూడు నెలలకు అది కలకత్తానుంచి క్షేమంగా వచ్చింది. అప్పటికి రాజారత్నం గదికి వేసిన ముద్ర అలాగే ఉంది. అతను పాకాలలో బావమరిది ఇంటికి చేరి, రైల్వేస్టేషను బయట అరటిపండ్లు అమ్ముతున్నాడని ఎవరో చెప్పారు. సౌందరరాజన్ పాకాల మీదుగా పోయే రైలు ఎక్కడం మానేశాడు.

యంత్రం ప్రారంభోత్సవానికి కలెక్టరు ఒప్పుకున్నాడు. క్లబ్బు పేరు వినగానే ఊళ్ళో ఏ ప్రెస్సువాడూ ఆహ్వానాలు వేస్తానని ముందుకు రాలేదు. నలభై ఆహ్వానాలూ సౌందరరాజనే చేత్తో రాశాడు.

దస్తూరీ అచ్చు వేసినట్టుందని కలెక్టరు మెచ్చుకున్నాడు.