శరభయ్య గారి సర్‌పేచ్

ఆ శుక్రవారం ఉదయం రంగనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మియాపూర్ నుంచి పెందలాడే బయలుదేరాలి, ఆఫీసు సభలో ముందు వరుసలో కూర్చోవాలి, కొత్త మేనేజర్‌గా తన పేరు చదవగానే ఏమీ తెలియనట్టు ఆశ్చర్యపోవాలి. ఆ ఆశ్చర్యాన్ని ఇంట్లో అద్దం ముందు సాధన కూడా చేసి వచ్చాడు మహానుభావుడు.

గుమ్మంలోనే పై అధికారి ప్రియదర్శిని ఎదురైంది. జర్మనీ నుంచి వచ్చిన క్లయింటు పెద్దాయనకు పాగా చుట్టి, దాని ముందు భాగాన మెరిసే నగ పెట్టి సన్మానించాలని ఆమె ఏర్పాటు.

"రంగనాథ్, ఈ నగను సర్‌పేచ్ అంటరట. రాజులు, నవాబులు పెట్టుకునేటోళ్లట. ఆ పేరెట్ల వచ్చిందని ఆయన అడుగుతున్నడు. మీ కడపల కూడా నవాబులుండె కదా, జర చెప్పండి."

తెలియదు అంటే ఒక్క మాటతో పోయేది. కానీ ఇవాళే మేనేజర్ కాబోయేవాడు తెలియదంటే ఏం బాగుంటుంది?

"శరభయ్య అని ఒక మంత్రి ఉండేవాడు మేడమ్. రాజు మీదికి వచ్చిన కత్తికి తన తల అడ్డం పెట్టినాడు. ఆయన గుర్తుగా రాజు పాగాకు ఈ నగ పెట్టుకున్నాడు. ఆయన పేరే జనం నోళ్లలో నలిగి నలిగి సర్‌పేచ్ అయింది."

సీట్లో కూర్చున్నాక ఫోన్ తీసి చూసుకున్నాడు. ఫారసీ మాటట. సర్ అంటే తల, పేచ్ అంటే చుట్టు. చెవులు వేడెక్కాయి. పోనీలే, ఎవరికి గుర్తుంటుంది అని సర్దిచెప్పుకున్నాడు.

కాఫీకి వెళ్లేసరికి గోడ మీద శరభయ్య బొమ్మ వేలాడుతోంది. కంప్యూటర్ గీసింది, మీసాలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి. భోజనాల వేళకు బొమ్మకు దండ పడింది. ఆ వంశం వాళ్లు ఇంకా ఉన్నారా అని పెద్దాయన అడిగితే, ఆఫీసుకు కార్లు తిప్పే ఖాజాగూడ కాంట్రాక్టరు లింగమూర్తిని వాకబు చేయమంది ప్రియదర్శిని. లింగమూర్తి కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"దూరం పోవుడెందుకు మేడమ్, గాయిన మా ముత్తాతనే."

మధ్యాహ్నం సభలో మొదట లింగమూర్తికి శాలువా కప్పారు. తర్వాత పెద్దాయన పాగాతో నిలబడి, శరభయ్య బొమ్మకు వంగి దండం పెట్టి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఈ త్యాగం గురించి మనవళ్లకు చెప్తానన్నాడు. రంగనాథ్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ప్రియదర్శిని మేనేజర్ పేరున్న కవరు చేతిలోకి తీసుకుంది.

ఈ అబద్ధం మీద కూర్చుని పెత్తనం చేయడం తనవల్ల కాదనుకుని, అతడు వేదికెక్కి చేతులు కట్టుకున్నాడు.

"సర్ అంటే తల, పేచ్ అంటే చుట్టు. ఫారసీ మాట. శరభయ్య లేడండీ. నాకు తెలీదని చెప్పేదానికి నామోషీ అయి నేనే పుట్టించినాను. క్షమించండి."

లింగమూర్తి శాలువా సర్దుకుంటూ లేచాడు. ఆయన వెనక, ఖాజాగూడ నుంచి రెండు కార్లలో దిగిన చుట్టాలూ లేచారు.

"ఏంది సారూ, ఇంత మందిల మా ఇజ్జత్ తీస్తవా? మా ముత్తాత లేడంటవా?"

"అన్నా, ఆయన నిజంగా లేడు."

"లేడని నువ్వు చూసినవా?"

పక్కవాళ్లు ఇంగ్లీషులో చెప్పగా విన్న పెద్దాయన రంగనాథ్ వంక ఏవగింపుగా చూశాడు. ప్రియదర్శిని కవరును మడిచి బ్యాగులో వేసేసుకుంది.

"ఒకరి పెద్దల్ని పట్టుకుని గిట్ల అంటరా రంగనాథ్? ముందు సారీ చెప్పండి."

చివరకు రంగనాథ్ బూట్లు విప్పి, పొద్దున తాను పుట్టించిన మనిషి బొమ్మ ముందు చేతులు జోడించి, తప్పయిందని ఒప్పుకున్నాడు. అబద్ధం చెప్పినప్పటి సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిదీ కాదు.

స్థానిక చరిత్రను గౌరవించడం ఎలాగో అతడికి సోమవారం నుంచి శిక్షణ వేశారు. పాఠం చెప్పేది లింగమూర్తి.