పన్నెండో నంబరు కుర్చీ

మా వీధిలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వస్తువు ఒక్కటి కూడా ఇంతవరకు పోలేదని వీధి సంక్షేమ సంఘం కార్యదర్శి హోదాలో సగర్వంగా ప్రకటిస్తున్నాను. వచ్చిన ప్రతి వస్తువూ వీధిలోనే ఉంది. ఎవరింట్లో ఉందన్నది వేరే సంగతి.

ఈ విజయం వెనుక మా సంఘం కృషి చాలా ఉంది. ఇళ్ళకు నంబర్లు వేసే బాధ్యత మేమే నెత్తికెత్తుకున్నాం. వరుసగా వేస్తే మొదటి ఇంటివాడికి లేనిపోని అహంకారం వస్తుందని అధ్యక్షులవారు హెచ్చరించారు. అధ్యక్షులవారి ఇల్లు వీధి చిట్టచివర ఉంటుంది. అందువల్ల సంఘంలో సభ్యత్వం తీసుకున్న వరుసలో నంబర్లు ఇచ్చాం. ఇప్పుడు పదకొండు పక్కన నాలుగు, నాలుగుకు ఎదురుగా ఇరవై ఆరు ఉన్నాయి. నేనూ, వీధి మలుపులో ఉండే టైలరూ ఒకే రోజు చేరాం కాబట్టి ఇద్దరి ఇళ్ళూ పన్నెండే. నాది గౌరవ పన్నెండు, అతనిది మామూలు పన్నెండు. ఆ తేడా బోర్డు మీద రాస్తే అతను నొచ్చుకుంటాడని రాయలేదు.

టైలరు పాతికేళ్ళుగా వీపు ఆనుకోవడానికి వీల్లేని స్టూలు మీద కూర్చుని కుడుతున్నాడు. స్టూలు కంటే ముందు అతని నడుమే అరిగిపోయింది. "ఇంకో ఏడాది ఇలాగే కూర్చున్నావంటే, ఆ తర్వాత కూర్చునే పనే ఉండదు. ఇక పడుకోవడమే" అని డాక్టరు చెప్పాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ పైసా పైసా కూడబెట్టి, నడుముకు దన్నుగా ఉండే కుర్చీ ఒకటి ఫోన్లో చూసి, డబ్బు ముందే కట్టి ఆర్డరు పెట్టారు. కుర్చీ చెప్పిన రోజుకే వచ్చింది. ఆ విషయంలో కంపెనీని వేలెత్తి చూపడానికి లేదు. పన్నెండో నంబరుకే వచ్చింది కూడా.

నేనే సంతకం చేసి తీసుకున్నాను. ఇంటికొచ్చినదాన్ని కాలదన్నుకునే అలవాటు మా వంశంలో లేదు. పెట్టె మీద ఎవరి పేరుందో చూద్దామనుకున్నాను గానీ, కళ్ళజోడు కనిపించలేదు. అది దొరికేసరికి మా ఆవిడ పెట్టె విప్పేసింది, నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను.

మర్నాడు టైలరు భార్య గుమ్మం దాకా వచ్చి, "అక్కా, మా కుర్చీ గానీ పొరపాటున మీ ఇంటికొచ్చిందా?" అని అడిగింది. మా ఆవిడ తలుపు ఓరగా తీసి, "మేం కుర్చీ తెప్పించుకోలేదమ్మా" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఇక టైలరు డబ్బు వెనక్కి రాబట్టే పనిలో పడ్డాడు. కస్టమర్ కేర్‌కి అతను ఫోన్ చేసినప్పుడు నేను కొట్లోనే ఉన్నాను, ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి.

"కుర్చీ అందినందుకు అభినందనలు సార్!" అంది అవతలి అమ్మాయి.

"అందలేదమ్మా. అందుకే చేశాను."

"అందినట్టు ఫొటో ఉంది సార్. నీలం తలుపు, పక్కన ఎర్ర చెప్పులు."

"మాది ఆకుపచ్చ తలుపు తల్లీ. మా ఇంట్లో ఎవరికీ ఎర్ర చెప్పులు లేవు."

"చెప్పులకు వేరే ఆర్డరు పెట్టుకోవాలి సార్."

నేను నా చెప్పులు బల్ల కిందికి జరుపుకున్నాను.

టైలరు తన ఆకుపచ్చ తలుపు ఫొటో తీసి, కుర్చీ వివరాలన్నీ కొలతలతో సహా రాసి పంపాడు. ఇలా పదకొండుసార్లు పంపాడు. ఆఖరికి జవాబు వచ్చింది: 'మీ తలుపు మా రికార్డులోని కస్టమరు తలుపుతో సరిపోలడం లేదు. కస్టమరు కానివారికి రిఫండు ఇవ్వబడదు.' ఏం చేయమంటారని పాపం అతను నా దగ్గరకే వచ్చాడు. తలుపుకు నీలం రంగు వేసుకోమని సలహా ఇచ్చాను. మా తలుపుకు వేయగా మిగిలిన డబ్బా కూడా ఇచ్చాను. సంఘసేవ అంటే నాకు మొదటినుంచీ ప్రాణం. అతను నడుం పట్టుకుని పైనుంచి కింది దాకా రంగు వేసి, మళ్ళీ ఫొటో పంపాడు. ఈసారి జవాబు వెంటనే వచ్చింది: 'తలుపు సరిపోయింది. కనుక కుర్చీ మీకు అందింది.'

అయితే కుర్చీ వెనక్కి తీసుకోండని రాశాడు. కంపెనీ మనిషి వ్యాను వేసుకుని వచ్చాడు. టైలరు లేని కుర్చీ తెచ్చి ఇవ్వలేదు కాబట్టి 'కస్టమరు వస్తువు అప్పగించడానికి నిరాకరించారు' అని నమోదు చేసుకుని వెళ్ళాడు. అయినా కంపెనీకి మనసుంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ ఒక మెత్తటి దిండు ఉచితంగా పంపింది. పన్నెండో నంబరుకే పంపింది. కుర్చీకి చక్కగా సరిపోయింది. మెచ్చుకోలు అప్పటికప్పుడే తెలపాలనిపించి, పెట్టెలో వచ్చిన కార్డు మీద అయిదు నక్షత్రాలు నింపి పోస్టు చేశాను. వాటికి ధన్యవాదాలు చెబుతూ, కస్టమరు పూర్తి తృప్తితో ఉన్నందున ఫిర్యాదు మూసేస్తున్నామని టైలరు ఫోనుకు సందేశం వచ్చింది.

అప్పుడతను సంఘానికి అర్జీ పెట్టుకున్నాడు. అత్యవసర సమావేశం జరిపాం. "మన వీధిలో దొంగలు లేరు!" అని అధ్యక్షులవారు గర్జించారు. "ఉంటే మన సంఘంలో సభ్యులై ఉండేవారు! పక్కవాడి సొమ్ము పాములాంటిదని నమ్మే వీధి ఇది!" ఆ మాటంటూ చేతి గడియారం చూసుకున్నారు. సరిగ్గా అలాంటి గడియారం కోసమే నాలుగో నంబరు పంతులమ్మ ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తోంది. కోశాధికారిగారు అందరికీ కాఫీ పోశారు. ఆ ఫ్లాస్కు ఇరవై ఆరో నంబరు నర్సుగారిదని ఆవిడకు తప్ప అందరికీ తెలుసు. కంపెనీ నిర్లక్ష్యాన్ని ముక్తకంఠంతో ఖండించాం. టైలరు మాత్రం నిలబడే విన్నాడు. కూర్చుంటే మళ్ళీ లేవలేడట. నాకు జాలేసింది. ఇంటికి వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు జాలిపడ్డాను.

మొన్న మా ఆవిడ కుర్చీకి దుమ్ము పడుతోందని, కవరు కుట్టించమని పోరింది. వీపు ఎత్తు, కూర్చునే చోటి వెడల్పు కాగితం మీద రాసుకుని టైలరు దగ్గరకు వెళ్ళాను. మా బంధువులదని చెప్పాను. అతను కాగితం చూశాడు. నా వైపు చూశాడు. కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు.

"బుధవారం రండి" అన్నాడు.

బుధవారం తెచ్చి తొడిగితే, కుర్చీతో పాటు పుట్టినట్టు ఉంది కవరు. కుర్చీ చేతులు పట్టేందుకు చీలికలు, నడుం దగ్గర బిగించే మీట కోసం చిన్న కన్నం, అన్నీ ఎక్కడివక్కడ. అంత పనితనం చూసి ఉండబట్టలేక వెనక్కి వెళ్ళి అడిగాను: "చేతుల కొలత నేనివ్వనేలేదే! మీట సంగతీ చెప్పలేదు!"

టైలరు మిషను ఆపాడు. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, రెండో చేత్తో స్టూలు అంచు పట్టుకుని మెల్లిగా నిటారుగా అయ్యాడు.

"నాకు కంఠతా వచ్చు సెక్రటరీగారూ. పదకొండుసార్లు రాసి పంపాను కదా."

కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. "వద్దులెండి. దాన్ని జాగ్రత్తగా చూసుకోండి, చాలు" అన్నాడు.

ఆ మాట పొగడ్తో, తెగడ్తో ఇంకా తేల్చుకోలేదు. వచ్చే సమావేశం ఎజెండాలో చేర్చాను. ఆ రోజు నుంచి కుర్చీలో ఎంత సర్దుకుని కూర్చున్నా, ఎందుకో నా నడుం పట్టేస్తోంది. కుర్చీలో ఏ లోపమూ లేదని డాక్టరు కూడా అన్నాడు.

టైలరు పనితనం వీధంతా పాకింది. ఫ్లాస్కుకు కవరు కావాలని కోశాధికారిగారు, గడియారానికి సంచీ కావాలని అధ్యక్షులవారు, ఇంకా చాలామంది వరుస కట్టారు. అతను అదే స్టూలు మీద వంగి కుడుతూనే ఉన్నాడు. మీ ఇంట్లోనూ కప్పి ఉంచాల్సింది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మొహమాటపడకండి, తీసుకురండి. కొలతల శ్రమ మీకక్కర్లేదు. ఆ వస్తువు ఎవరికి రాలేదో, వాళ్ళు అతనికి ముందే చెప్పుకుని వెళ్ళి ఉంటారు.