తలుపుకిచ్చిన పట్టా

ఇంజనీరింగ్ కళాశాలలోని కంప్యూటర్ సైన్సు విభాగం ఈ ఏడు కూడా నూటికి నూరు శాతం ఉత్తీర్ణత సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ ఘనత వెనక ఎవరి కృషీ లేదు. ఎవరూ కృషి చేయకుండా విభాగం తీసుకున్న జాగ్రత్తలే ఉన్నాయి. ఒకే ఒక్క అమ్మాయి ఆ జాగ్రత్తలన్నీ దాటుకుని కష్టపడి, చేతికందిన పట్టా పోగొట్టుకునేదాకా తెచ్చుకుంది. రాబోయే విద్యార్థులకు హెచ్చరికగా పనికొస్తుందని ఆమె సంగతి ఇక్కడ చెబుతున్నాం.

ఆ అమ్మాయి తల్లి దర్జీ పని చేస్తుంది. సందు చివర ఇరుకు కొట్టు, ఒక మిషను, నేలనిండా కత్తిరింపు ముక్కలు. ఈ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏం చెప్పినా 'ఎందుకు?' అంటుంది. ఇంట్లో ముద్దుగానే ఉండేది కానీ, కాలేజీలో చేరగానే ముదిరిపోయింది. కంప్యూటర్లు చదువుకుందామని వచ్చిన పిల్లలందరికీ తలా ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి ఇచ్చి, నలుపక్కలా నున్నగా అరగదీయమన్నారు. ఎందుకండీ అని అడిగిందీ పిల్ల. వర్క్‌షాపు మాస్టారు తన ఉద్యోగ జీవితంలో ఆ ప్రశ్న వినలేదు. కాసేపు తల గోక్కుని, ఇంజనీరన్నాక ఇనుము తెలియాలి అన్నాడు.

తక్కిన పిల్లలు బుద్ధిమంతులు. సీనియర్లు అరగదీసిన ముక్కలే తెచ్చి, నాలుగు రుద్దులు రుద్ది అప్పగించేశారు. ఆ సీనియర్లకు వాళ్ళ సీనియర్లు ఇచ్చారు. ఏటా కాస్త కాస్త అరుగుతూ వచ్చి ఆ ముక్కలిప్పుడు గోరంత అయ్యాయి, మార్కులు మాత్రం అరగలేదు. మన పిల్ల కొత్త ముక్క తీసుకుని అరచేతులు బొబ్బలెక్కేదాకా రుద్దింది. అందరివీ గోరంత ఉంటే నీదొక్కటే ఇంత లావుందేమిటని మాస్టారు మార్కులు కోశాడు. ఆ రోజు నుంచి ఆమెకు ఎందుకమ్మాయి అని పేరు పడింది.

మా ల్యాబు గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. అద్దంలా ఉంటుంది. కంప్యూటర్లన్నిటికీ పూలపూల గుడ్డతో ముసుగులు. వాటిని కుట్టింది ఎందుకమ్మాయి తల్లే, అందుకని ఆవిడంటే విభాగంలో అందరికీ గౌరవం. వాడితే పాడవుతాయని కంప్యూటర్లను వాడరు. వాడరు కాబట్టి అవి ఎప్పుడో పాడయ్యాయన్న సంగతి ఎవరికీ తెలియదు. ప్రోగ్రాములు బోర్డు మీద పుడతాయి, అక్కణ్ణుంచి నోట్సులోకి, నోట్సులోంచి పరీక్ష కాగితం మీదికి వెళతాయి. కాగితం మీది ప్రోగ్రాము ఎన్నడూ మధ్యలో ఆగిపోదని, ఆ లెక్కన కంప్యూటర్ కన్నా కాగితమే నమ్మకమైనదని మా హెడ్ సారు సభల్లో సెలవిస్తుంటారు. చప్పట్లు కూడా బాగానే పడతాయి.

అసలు ఘట్టం ఆఖరి ఏడాది ప్రాజెక్టు. పిల్లలు నేర్చిందంతా కూడగట్టి సొంతంగా ఒక ప్రోగ్రాము తయారుచేసి చూపాలని నిబంధన. మా విభాగంలో తరతరాలుగా ఉన్నది ఒకే ప్రాజెక్టు. మొదలుపెడితే తెర మీద లాగిన్ పేజీ వస్తుంది. పేరు అడుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఏం కొట్టినా తప్పంటుంది. అంతే. అసలు పాస్‌వర్డ్ ఏమిటో తెలిసినవాళ్ళు లేరు, అడిగిన పాపాన పోయినవాళ్ళూ లేరు. ప్రతి బ్యాచీ దాన్ని కిందివాళ్ళ చేతిలో పెట్టి, వీపు తట్టి వెళ్ళిపోతుంది. ఒక జట్టు పైన గ్రంథాలయం అని రాస్తుంది, ఇంకో జట్టు ఆసుపత్రి అని, మరొకరు విమానాశ్రయం అని. నీలం రంగు తీసి ఆకుపచ్చ పెట్టడాన్ని మా దగ్గర పరిశోధన అంటారు. పలకల బటన్ తీసి గుండ్రటి బటన్ పెట్టిన కుర్రాడికి బంగారు పతకం ఇచ్చారు.

ఆనవాయితీ ప్రకారం ఎందుకమ్మాయి జట్టుకూ అది అందింది. పాస్‌వర్డేంటన్నా అని అడిగితే, ఇచ్చిన సీనియరు అనుమానంగా చూసి, లోపల నీకేం పని అన్నాడు. మర్యాదస్తులైతే అక్కడితో ఊరుకుంటారు. ఈమె ఇంటికి తీసుకెళ్ళి, కొట్లో మిషను పక్కన, తల్లి అప్పుచేసి కొనిచ్చిన పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ప్రోగ్రాము మొత్తం విప్పి చదివింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఈమెకు ఆ ఎలుకైనా దొరకలేదు. ఎవరేం కొట్టినా తప్పని చెప్పు అని ఒక ఆజ్ఞ. దాని తర్వాత ఖాళీ. ఖాళీ కింద ఒక వాక్యం: మిగతాది రేపు రాస్తాను. ఆ కింద రాసిన విద్యార్థి పేరు. ఆ పేరే ఇప్పుడు, ముందొక డాక్టర్ చేర్చుకుని, హెడ్ సారు గది తలుపు మీద ఇత్తడి అక్షరాల్లో మెరుస్తోంది.

ఇది చూశాక ఆమెకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. సొంతంగా రాస్తానంది. జట్టులోని మిగతా ఇద్దరూ, బతికుంటే బలుసాకైనా తినొచ్చనుకుని, వేరే జట్టులో కలిసిపోయారు. ప్రాజెక్టు పోతే పట్టా రాదు, పట్టా లేకపోతే ఉద్యోగమిస్తానన్న కంపెనీ గడప తొక్కనివ్వదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తల్లికీ తెలుసు.

ఆమె రాసింది పెద్ద విషయమేమీ కాదు. తల్లి రోజూ గుడ్డ పరిచి, సుద్దతో ముందు భాగం, వెనక భాగం, చేతులు గీసి కత్తిరిస్తుంది. ఎలా సర్దినా ఎంతో కొంత గుడ్డ వృథా. కొలతలిస్తే, ఏ ముక్క ఎక్కడ ఎటు తిప్పి గీస్తే తక్కువ వృథా అవుతుందో ఈ ప్రోగ్రాము బొమ్మ గీసి చూపిస్తుంది. చెయ్యి తిరిగిన దాన్ని, నాకే నేర్పొచ్చిందా ఇది అని తల్లి మొదట మూతి విరిచింది. సరే చూద్దామని ఒకసారి బొమ్మ ప్రకారం కత్తిరిస్తే, మిగిలిన దాంట్లో పసిపిల్లకు గౌను వచ్చింది. ఆవిడ ఆ మిగిలిన గుడ్డను అటూ ఇటూ తడిమి చూసి, వెంటనే మిషను ఎక్కించింది. నాలుగేళ్ళ చదువులో ఎందుకమ్మాయికి అంత మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షకుడు పక్క కాలేజీ హెడ్. మా హెడ్ సారు వాళ్ళ కాలేజీకి వెళతారు, ఆయన మా కాలేజీకి వస్తారు. ఒకరి పిల్లల్ని ఒకరు ఫెయిలు చేసుకునేంత సంస్కారహీనులు కారు. ల్యాబు ముసుగులు కదపకుండా, జట్లు ఒకదాని వెనక ఒకటి సొంత ల్యాప్‌టాప్‌లతో వచ్చి లాగిన్ పేజీలు చూపించాయి. ఆయన బిస్కట్ నములుతూ ఓపిగ్గా ప్రతిదానిలోనూ ఏదో ఒకటి కొట్టారు. ప్రతిదీ తప్పంది. చివరికి ఆనందం పట్టలేక లేచి నిలబడి మాట్లాడారు.

"ఇంత అనుభవం ఉన్న నేనే లోపలికి వెళ్ళలేకపోయాను. ఇక దొంగలేం వెళతారు? భద్రత అంటే ఇదీ. ఈ పిల్లల చేతుల్లో రేపటి సమాజం భద్రంగా ఉంటుంది."

తర్వాత ఎందుకమ్మాయి వంతు. ఆమె కొలతలు కొట్టింది. తెర మీద గుడ్డ పరుచుకుంది, ముక్కలు వాటి చోట్లలో సర్దుకున్నాయి, మిగిలే గుడ్డ ఎంతో పక్కన పడింది. పరీక్షకుడి చేతిలో బిస్కట్ టీలో విరిగి పడింది. ఇదేమిటి, పనిచేస్తోంది అన్నారాయన, హెడ్ సారు వైపు తిరిగి, నమ్మకద్రోహం జరిగిన మనిషిలా. హెడ్ సారు గొంతు సవరించుకుని, లాగిన్ ఏదమ్మా అన్నారు.

"మా అమ్మ ఒక్కతే వాడుతుంది సార్. లాగిన్ ఎందుకు?"

ఎందుకు అన్న మాట ఆ గదిలో పడగానే పరీక్షకుడికి విషయం అర్థమైపోయింది. ఆయన తర్కం లోతైనది, విభాగం దాన్ని ఇప్పటికీ పాఠంగా చెబుతోంది.

"అందరివీ ఒకేలా ఉన్నాయంటే అవి వీళ్ళు సొంతంగా చేసినవనేగా. నీదొక్కటే ఎవరిదాన్లానూ లేదు. ఎక్కణ్ణుంచి కాపీ కొట్టావో చెప్పు."

 ఆమె హెడ్ సారు వైపు తిరిగి అంది, పాతది విప్పి చూశాను సార్, లోపల మీ పేరుంది, మిగతాది రేపు రాస్తానని ఉంది అని. ఇంకొకరైతే సిగ్గుపడేవారేమో. హెడ్ సారు పెద్ద మనిషి.

"రాస్తానమ్మా. రాయనని ఎప్పుడన్నాను?" అన్నారు శాంతంగా.

తర్వాత ఆయన తండ్రిలా నచ్చజెప్పారు. లోపల ఏదైనా ఉందంటే చూపించమంటారు, చూపిస్తే పనిచేయమంటారు, పనిచేస్తే ఇంకా కావాలంటారు, తలుపు మూసి ఉన్నంతకాలం ఎవరికీ ఏ బాధా లేదు. ఆడపిల్లవి, అందులోనూ ముసుగులు కుట్టిన తల్లి కూతురివి, నీ భవిష్యత్తు పాడుచేయడం మాకిష్టం లేదు. లోపలిది తీసేసి, ముందొక లాగిన్ పెట్టి, విభాగం పద్ధతిలో రేపు తీసుకురా. లేదంటే వచ్చే ఏడాది కలుద్దాం.

ఎందుకమ్మాయి ఇంటికొచ్చి కొట్లో కూలబడి భోరుమంది. తల్లి తొక్కుతున్న మిషను ఆపింది. సంగతంతా విని, కూతురి తల నిమిరి, పనికొచ్చేది నాకుంచి, వాళ్ళకు కావలసింది వాళ్ళ మొహాన కొట్టు, పట్టా తెచ్చుకో అంది. తల్లి గుండీలు కుట్టి ముగించేలోపే కూతురి లాగిన్ పేజీ తయారైంది. పసుపు రంగు పెట్టింది. అంతకుముందు ఎవరూ పెట్టలేదట, ఉత్తమ ప్రాజెక్టు బహుమతి దానికే వచ్చింది.

పట్టాల సభలో హెడ్ సారు ఆమె పేరు చెప్పి, మొదట తప్పుదారి పట్టినా పెద్దల మాట విని బాగుపడిందని మెచ్చుకున్నారు. తల్లి కొత్త చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, పక్కకు వంగి అడిగింది.

"ఇంతకీ దేనికిచ్చారే ఇది?"

"తలుపుకిచ్చారమ్మా."

"మరి ఇల్లు?"

"ఇల్లు నీ కొట్లో ఉందిగా."

తల్లి పకపకా నవ్వింది. కూతురు నవ్వలేదు.

కంపెనీవాళ్ళు ఆమెను మర్యాదగా చేర్చుకుని, జనం రోజూ వాడే ఒక పేజీని అప్పగించారు. బిల్లులు కట్టాలన్నా, ఆసుపత్రిలో చీటీ తీసుకోవాలన్నా అందులోంచే పోవాలి. పాత అలవాటు కొద్దీ విప్పి చూసింది. కొంత దూరం బాగానే ఉంది, తర్వాత ఖాళీ. ఖాళీ కింద, మిగతాది రేపు. రాసింది గుండ్రటి బటన్ పెట్టిన బంగారు పతకం కుర్రాడు, ఇప్పుడు ఆమెకు పై అధికారి. ఎందుకు అని అడగబోయి చుట్టూ చూసింది. అందరూ తలలు వంచుకుని రంగులు మారుస్తున్నారు. నోరు మూసుకుని పసుపు రంగు వేసి, కింద తన పేరు చేర్చింది. ఇప్పుడామెను ఎవరూ ఎందుకమ్మాయి అనడం లేదు.

ఆ పేజీ మీకూ తెలుసు. నిన్న మీరు అందులో ఏదో కట్టబోతే అది తిరిగి తిరిగి, కాసేపాగి ప్రయత్నించండి అంది. తప్పు మీదేననుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొట్టారు, మళ్ళీ కొట్టారు, పొద్దున్నే లేచి ఇంకోసారి కొట్టారు. లోపల ఏముందని ఒక్కసారీ అడగలేదు. మీ ఓర్పు ఇలాగే ఉండాలని మా విభాగం మనసారా కోరుకుంటోంది. వచ్చే ఏటి సీట్లన్నీ అప్పుడే నిండిపోయాయి.