కార్యదర్శి తంగేడు

విస్పరింగ్ గ్రీన్స్ విల్లాల సంఘానికి కొత్త కార్యదర్శిగా ఏడో వీధి మలుపులో ఉన్న తంగేడు మొక్క ఎన్నికైంది. ఓడిపోయింది పురుషోత్తమరావు. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో పాతుకుపోయిన మనిషి ఆయన. ఫలితం విని అందరితో పాటు చప్పట్లు కొట్టాడు, మొక్క దగ్గరికెళ్లి అభినందించాడు, ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు.

మొక్క పోటీ చేయడం మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కార్యదర్శి కాలనీలోనే శాశ్వతంగా ఉండాలని, ఇరుగుపొరుగుతో తగాదా పడని స్వభావం కలిగి ఉండాలని నియమావళిలో ఉంది. తంగేడుకి రెండూ సరిపోయాయి. పైగా అంతకు కొద్దిరోజుల ముందే తోటల నిపుణుడొకాయన వచ్చి, స్థానిక మొక్కల వల్ల లాభాలేమిటో క్లబ్‌హౌస్‌లో వివరించి వెళ్లాడు. అవి కొద్దిపాటి నీళ్లతో బతుకుతాయి, మందులు అడగవు, ఎండకు సొమ్మసిల్లవు, పిట్టల్నీ సీతాకోకచిలుకల్నీ రప్పిస్తాయి అన్నాడు. విన్నవాళ్లకి ఇవన్నీ కార్యదర్శికి ఉండాల్సిన లక్షణాల్లాగే వినిపించాయి. నామినేషన్ మీద సంతకం బదులు ఆకు ముద్ర తీసుకున్నారు.

పాలన బాగుంది. పురుషోత్తమరావుకి మింగుడు పడనిది అదే. ఆయన హయాంలో పరిచిన కొరియన్ గడ్డి, రోజూ ట్యాంకరు నీళ్లు తాగి కూడా పసుప్పచ్చగానే ఉండేది. దాన్ని పీకేసి కానుగ, గునుగు, వావిలి వేశారు. ట్యాంకర్లు రావడం మానేశాయి, పిచ్చుకలు రావడం మొదలుపెట్టాయి. సమావేశాలు తంగేడు చుట్టూ కుర్చీలు వేసుకుని జరుపుతున్నారు. ప్రతిపాదన చదివి కాసేపు ఆగుతారు. కొమ్మ ఊగితే ఆమోదం, ఊగకపోతే వాయిదా. ఆయన హయాంలో సమావేశమంటే అరుపులతో మొదలై పోలీస్ స్టేషన్ పేరెత్తడంతో ముగిసేది. ఇప్పుడు జనం టీ తాగి నవ్వుకుంటూ ఇళ్లకి పోతున్నారు.

ఆయన భార్య ఇందుమతి కూడా పొద్దున నడకకని వెళ్లి అక్కడే నిలబడిపోతోంది.

"అంతసేపు దానికేం చెబుతున్నావు?" అని అడిగాడొక రోజు.

"నా మోకాళ్ల నొప్పి సంగతి."

"నాకు చెప్పొచ్చుగా!"

"మీకు చెబితే వెంటనే మీ నడుం నొప్పి మొదలవుతుందండీ. అదైతే వింటుంది."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. అసూయ అంటే ఇంకో మనిషి మీద పడేదని అంతవరకూ అనుకునేవాడు. ఇప్పుడు బాల్కనీలో కూర్చుని ఒక మొక్కను చూసి పళ్లు నూరుతున్నాడు. ఏ మేకన్నా వచ్చి దాన్ని నమిలేస్తే బాగుండునని కోరుకున్నాడు. తంగేడుని మేకలు కూడా ముట్టవని నిపుణుడు ముందే చెప్పి చచ్చాడు.

ఓ ఉదయం ఆయన పసుప్పచ్చ చొక్కా తొడుక్కుని, చేతులు కాస్త పైకెత్తి, ఆరో వీధి మలుపులో నిలబడ్డాడు. దారిన పోయే ఆవిడెవరో ఆగి, తన ఇంటి వెనక మురుగు సంగతి చెప్పుకోసాగింది. అంతా బాగానే సాగుతుండగా ఆయన ఉండబట్టలేక జవాబిచ్చాడు. ఆవిడ మాట మధ్యలోనే ఆపి ఏడో వీధికి వెళ్లిపోయింది.

ఇక లాభం లేదని ఫిర్యాదు పెట్టాడు. ఈ తంగేడు స్థానికమైనదేనని రుజువేమిటి? ఎవరో నర్సరీ నుంచి తెచ్చి నాటి ఉండవచ్చు కదా? సంఘం అధ్యక్షుడు వేణుమాధవ్ పద్ధతి గల మనిషి, వెంటనే విచారణ వేశాడు. తీరా చూస్తే, కాలనీ కట్టకముందు ఆ నేలను చూసినవాళ్లు విల్లాల్లో ఒక్కరూ లేరు. చివరికి పురుషోత్తమరావు ఇంట్లోనే అంట్లు తోమే బాలమణిని సాక్షిగా పిలవాల్సి వచ్చింది. ఆమెది ప్రహరీ గోడ అవతలి పల్లె. రోజూ గేటు దగ్గర పాసు తీసుకుని వస్తుంది, సాయంత్రం అయిదింటికి పాసు గడువు ముగిసేలోపు వెళ్లిపోతుంది.

"ఈ మొక్క నీకు తెలుసా?" అని వేణుమాధవ్ అడిగాడు.

"తెల్వకేంది సారూ! మా చెలక గట్టు మీదిదే గదా. మా అత్త కాలం సంది ఈడ్నే పూస్తది. బతుకమ్మకు ఈడికెల్లే తెంపుకపోతుంటిమి."

"మీ చెలక ఎక్కడుంది?"

"ఇప్పుడు మీరు కుర్సీలేసుకున్న జాగనే సారూ."

అప్పుడు గాలి లేదు. ఆ సంగతి మినిట్స్‌లో కూడా రాశారు. గాలి లేకుండానే తంగేడు ఆమె వైపు వంగింది. గుత్తులు గుత్తులుగా పూలు ఆమె కొంగులో రాలాయి.

వేణుమాధవ్ తర్కం తప్పని మనిషి. ముందునుంచీ ఉన్నదే స్థానికమైతే తంగేడు స్థానికమే, ఫిర్యాదు కొట్టివేయడమైనది అన్నాడు. అదే లెక్కన బాలమణీ స్థానికురాలే. మిగతా సభ్యులందరూ బయటినుంచి తెచ్చి నాటిన అలంకార జాతి కిందికి వస్తారు. నీళ్లు ఎక్కువ తాగకుండా, మరీ విస్తరించకుండా ఉంటే కొనసాగవచ్చు. సభ్యులు తలలూపారు. నిజం చెప్పాలంటే, అలంకారం అన్న మాట చాలామందికి నచ్చింది.

పురుషోత్తమరావు మాత్రం కొంగులోని ఆ పూలనే చూస్తున్నాడు. తాను నెలల తరబడి బాల్కనీలోంచి దాన్నే చూస్తూ కూర్చున్నా తన కోసం ఒక్క రెమ్మ కదల్లేదు. తన ఇంట్లో గిన్నెలు తోమే మనిషికి అడగకుండానే వంగింది. తంగేడు మీద ఉన్న కుళ్లంతా ఒక్క క్షణంలో బాలమణి మీదికి మళ్లింది. రేపు ఈమె పోటీకి నిలబడితే?

లేచి నిలబడ్డాడు. "స్థానికత వేర్లున్నవాటికి మాత్రమే వర్తిస్తుంది. కాళ్లున్నవాళ్లకి పాసు ఉండాలి. ఇది నా ప్రతిపాదన."

అందరూ కొమ్మ వైపు చూశారు. అది ఊగలేదు. పురుషోత్తమరావు చేతిలోని ఫైలు అట్టతో రెండు విసుర్లు విసిరాడు. కొమ్మ ఊగింది. ప్రతిపాదన ఆమోదం పొందింది. ఓడిపోయాక ఆయనకి చప్పట్లు పడటం అదే మొదలు.

బాలమణి కొంగు చూపించి, "పువ్వు కొంచబోతా సారూ, రేపు బతుకమ్మ" అంది. కార్యదర్శి పూలు కాలనీ దాటాలంటే అనుమతి ఉండాలన్నాడాయన. మళ్లీ కొమ్మ వైపు చూశారు. ఈసారి ఆయన విసరలేదు. విషయం వాయిదా పడింది. ఆమె పూలన్నీ గేటు దగ్గర దులిపి వెళ్లింది.

ఆ సాయంత్రమే సంఘం ఆయన్ని సహాయ కార్యదర్శిగా నియమించింది. గాలి లేనప్పుడు విసరడం ఆయన పని.

మర్నాడు కాలనీలో, తంగేడు ముందే, బతుకమ్మ ఘనంగా చేశారు. తంగేడు పూలు ఎట్లా పేర్చాలో ఆడవాళ్లెవరికీ తెలియదు. ఇందుమతి బతిమాలితే బాలమణే కూర్చుని, గునుగుతో కలిపి వరస తప్పకుండా నడుమెత్తు పేర్చింది. పేర్చి, చేతులు కడుక్కుని, పాట కోసం వరసలో నిలబడింది. చప్పట్లు మొదలవబోతుండగా పురుషోత్తమరావు వచ్చి గడియారం చూపించాడు.

"అయిదైంది, బాలమణీ. పాసు."

"అవు సారూ, యాదికి లేదు" అని ఆమె చెప్పులేసుకుంది.

గాలి లేదు. తంగేడు గేటు వైపు వంగింది. ఆయన అట్ట తీసుకుని, అది మళ్లీ సభ్యుల వైపు తిరిగేదాకా ఓపిగ్గా విసిరాడు.