ఇరవై ఎనిమిదో నంబరు నీడ

ఋతువులు మారడం ప్రకృతి ధర్మమే కావచ్చు గానీ, మారినట్టు ఒప్పుకోవడం మాత్రం పురపాలక పచ్చదన విభాగం అధికారాల్లోకి వస్తుంది. ఇన్నాళ్లూ ఈ సంగతి తెలియక చెట్లూ పిట్టలూ ఇష్టారాజ్యంగా ప్రవర్తించాయి. ఆ అరాచకాన్ని అరికట్టడానికే విభాగంవారు 'అడుగడుగునా ప్రకృతి' అనే యాప్ తెచ్చారు. నడకకు వెళ్లే ప్రతి పౌరుడూ దారిలో తాను గమనించిన చెట్టును ఫొటో తీసి పంపాలి. (పంపకపోతే శిక్ష లేదు. పంపితేనే ఉంది.)

వాచీలు బాగుచేసి బాగుచేసి కళ్లు అలిసిపోయి దుకాణం మూసేసిన పెద్దాయన్ని వీధంతా వాచీల మావయ్య అంటుంది. రోజూ ఉదయం ఆయనా అత్తయ్యా కాలువ గట్టున నడుస్తారు. సగం దారిలో అత్తయ్య మోకాళ్లు మొరాయిస్తాయి. సరిగ్గా అక్కడే ఒక చెట్టు, దాని కింద ఒక బెంచీ. ఆ నీడన పావుగంట కూర్చుంటేనే ఇల్లు చేరడం. నేలమీద కూలబడితే మళ్లీ లేవలేదు. ఆ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఎప్పుడు రాగిరంగు చిగురు వేస్తుందో మావయ్య పదకొండేళ్లుగా చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఒక్క ఏడూ నాలుగు రోజులకు మించి తేడా రాలేదట. (ఆయన బాగుచేసిన వాచీల గురించి ఆ మాట అనలేం.)

శిశిరంలో ఒక ఉదయం, ఆకులన్నీ దులిపేసుకుని నిలబడ్డ ఆ చెట్టు మావయ్యకు ముద్దొచ్చింది. ఫొటో తీసి పంపాడు. మర్నాటికల్లా చెట్టుకు రేకు కొట్టేశారు: 'నం. 27. మృతి చెందినది. తొలగించవలెను.'

"కొరివితో తల గోక్కున్నారు కదండీ!" అంది అత్తయ్య.

మావయ్య పుస్తకం చంకన పెట్టుకుని విభాగానికి పరుగెత్తాడు. కౌంటరు వెనక గుమాస్తా ఫొటో చూసి పెదవి విరిచాడు.

"ఆకుల్లేవు కదండీ."

"రాలాయి బాబూ. ఇంకో మూడు వారాల్లో చిగురేస్తుంది. ఏటా ఇంతే."

"అంటే ఏటా చచ్చిపోతోందంటారు."

"చావడం కాదయ్యా, ఋతువు!"

"దానికి గడి లేదండీ." ఫారం తిప్పి చూపించాడు. బతికినది, చచ్చినది, రెండే గళ్లు. "అయినా ఫొటో పంపింది మీరే కదా!"

"మా ఆవిడ ఇంకెక్కడ కూర్చుంటుంది నాయనా?" మావయ్య పుస్తకం తెరిచి కౌంటరు మీద పెట్టాడు.

గుమాస్తా మంచివాడే. అభ్యంతరం రాసుకుని ముద్ర వేశాడు.

అభ్యంతరం పనిచేసింది. ఆఫీసుల్లో ఏ పనీ జరగదని ఆడిపోసుకునేవాళ్లు ఇక్కడ సిగ్గుపడాలి. రంపాలతో వచ్చిన గుత్తేదారు మనుషులు, అభ్యంతరం ఉంది కాబట్టి ఇరవై ఏడును ముట్టుకోలేదు. కానీ ఒక చెట్టు కొట్టి రమ్మని ఉత్తర్వు. అందుకని వంద అడుగుల అవతల, ఏ ఋతువులోనూ ఆకు రాల్చని ఇరవై ఎనిమిదో నంబరు చెట్టును కొట్టేసి, కాగితం మీద ఇరవై ఏడని రాసి వెళ్లారు. చెప్పినన్ని చెట్లూ కొట్టారు, చెప్పిన నంబరూ రాశారు. తప్పు పట్టడానికి ఏముంది?

మూడు వారాలకు ఇరవై ఏడు చిగురేసింది. మావయ్య కళ్లు తుడుచుకుని పుస్తకంలో తేదీ వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే పనివాళ్లు వచ్చి బెంచీ పెకలించారు. నీడ లేని చోట బెంచీ ఉండరాదని నిబంధన. రికార్డుల్లో అక్కడ చెట్టే లేదు. రికార్డుల్లో 'దట్టమైన నీడ' ఉన్నది ఇరవై ఎనిమిది దగ్గర. కాబట్టి దాని మొద్దు పక్కన, సిమెంటు పోసి మరీ బెంచీ బిగించారు.

ఎండలు ముదిరాయి. అత్తయ్య గొడుగు వేసుకుని ఆ బెంచీ మీద కూర్చుంది. వంద అడుగుల అవతల ఇరవై ఏడు నీడ ఖాళీగా పడి ఉంది.

"వెళ్లి అడగండి. ఇదేం చోద్యం?"

"అడిగితే చూడ్డానికి వస్తారే. వస్తే అది ఇంకా బతికే ఉందని తెలిసిపోతుంది."

అత్తయ్య ఆ చెట్టు వంక చూసింది. "అయితే నోరు మెదపకండి" అంది.

అంతలో మావయ్య ఫోను మోగింది. యాప్ నుంచి సందేశం: 'ఇరవై ఎనిమిదో నంబరు నీడ మీకెలా ఉంది? నక్షత్రాలు ఇవ్వగలరు. అయిదుకు తగ్గితే అధికారులు స్వయంగా వచ్చి ఆ పరిసరాలన్నీ తనిఖీ చేస్తారు.'

మావయ్య నుదుటి చెమట అరచేత్తో తుడుచుకుని, అయిదు నక్షత్రాలూ ఇచ్చి, కింద గడిలో 'చాలా చల్లగా ఉంది' అని రాశాడు.