కుళ్లు లేని మేడ

ఇకమీదట ఏ ఇంటి పెరట్లోనూ ఒక్క టమాటా కూడా కుళ్లడానికి వీల్లేదని ఉద్యాన శాఖ మంత్రిగారు ప్రకటించారు. బయట ఎండలు మండిపోతుంటే, ఏసీ హాల్లో, కోటు వేసుకుని మరీ ప్రకటించారు. టమాటాల కోసం అంత చలిని ఓర్చుకున్న నాయకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఈ కబురు వినగానే మా వదినకి ప్రాణం లేచొచ్చింది. మేడ మీద కుండీల్లో ఆవిడ టమాటా మొక్కలు పెంచుతోంది. మొక్కలు ఏపుగానే ఎదుగుతాయి. కాయలు గుత్తులుగానే కాస్తాయి. తీరా ఎర్రబడే వేళకి అడుగున నల్లగా మెత్తబడి కూర్చుంటాయి. ఎండుటాకులు పరిచింది, గుడ్డు పెంకుల పొడి చల్లింది, చివరికి మా అన్నయ్య కప్పుకునే దుప్పటి లాక్కుని పందిరి కూడా వేసింది. ఏం లాభం లేకపోయింది. మా కుళాయి తీరు అలాంటిది. వస్తే వరద, లేకపోతే వారమంతా ఉత్త గాలి. రోజూ ఉదయం రెండు బిందెల నీళ్లు పడితే చాలు, నా మొక్కలు బతికిపోతాయని వదిన కనపడినవాళ్లందరితోనూ చెప్పుకునేది. వినాల్సిన మనిషి ఇన్నాళ్లకి దొరుకుతున్నాడు.

పథకం తీరు మంత్రిగారు స్వయంగా వచ్చి చూడటానికి ఒక ఆదర్శ గృహం కావాలి కదా. శాఖ అధికారిగారు వీధంతా తిరిగి మా ఇంటినే ఎంచారు. మొక్కల్ని చూసి కాదు, మెట్లని చూసి. మంత్రిగారి మోకాళ్లకి మా మెట్లే అనువుగా ఉన్నాయట.

అధికారిగారు బాగా చదువుకున్నాయన. మన్ను ఓసారి బీటలు వారి, ఓసారి మునిగిపోతే కాయ అడుగుకి కాల్షియం అందదని, అందుకే అక్కడ కుళ్లుతుందని విడమరిచి చెప్పారు. నీళ్లు కొంచెం కొంచెంగా రోజూ ఒకే వేళకి పడాలట. మధ్యాహ్నపు ఎండ కాయకి నేరుగా తగలకూడదట.

"రోజూ నీళ్లెక్కణ్ణుంచి వస్తాయండీ?" అంది వదిన.

"నీళ్లు మా శాఖ కాదమ్మా," అన్నారాయన ఎంతో మర్యాదగా. "మాది కుళ్లు."

మర్నాడే ఎండ ఆపే షేడ్‌నెట్ వచ్చింది. పచ్చగా, చూడముచ్చటగా ఉంది. దాన్ని మంత్రిగారి కుర్చీ వేసే చోట కట్టారు. మరి మొక్కల మాటేమిటని అన్నయ్య అడిగితే, మొక్కలు ఎండకి అలవాటు పడ్డాయని, మంత్రిగారు ఇంకా పడలేదని చెప్పారు. ఆ మాటలో తప్పు పట్టడానికి మాకేమీ దొరకలేదు.

ఇక మిగిలింది కాయల అడుగున నలుపు. అధికారిగారు వంగి చూసి, లేచి, కాసేపు గడ్డం గోక్కుని, మంత్రిగారు పొడుగు మనిషి గనక పైనుంచే చూస్తారని తేల్చారు. ఫొటోలూ పైనుంచే తీయాలన్నారు. ఎవరూ వంగకుండా కుండీల చుట్టూ తాడు కట్టించారు. పైనుంచి చూస్తే కాయలు నిజంగానే నిగనిగలాడుతున్నాయి. ఇన్నాళ్లూ చూడటం రాక మేమే బాధపడ్డామేమో అనిపించింది.

మంత్రిగారు రేపొస్తారనగా, మొక్కలు వాడి ఉన్నాయని ఎవరో అన్నారు. అంతే, ట్యాంకరు పిలిపించారు. పైపు మేడ మీదికి లాగి, ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా కుండీల్లో పోశారు. ఎండిన మొక్కకి ఒక్కసారే అన్ని నీళ్లు వద్దని వదిన మొత్తుకుంటూనే ఉంది. తెల్లారి చూస్తే ప్రతి కాయా తొడిమ చుట్టూ పగిలి నోరు తెరుచుకుని ఉంది. కింద నుంచి ఎలాగూ చూడకూడదు, ఇప్పుడు పైనుంచీ చూడకూడదు. వదిన కుండీల మధ్య కూలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు చాలా బాధేసింది.

అధికారిగారు మాత్రం అధైర్యపడలేదు. కాయలన్నీ కోయించేశారు, పిందెలతో సహా.

మంత్రిగారు మెట్లెక్కి వచ్చారు. తాడు దగ్గర నిలబడి మొక్కల్ని తేరిపార చూసి, కుళ్లిన కాయ ఒక్కటైనా ఉందా అని అడిగారు.

"ఒక్కటీ లేదు సార్," అన్నారు అధికారిగారు. అది అక్షరాలా నిజం.

చప్పట్లు మోగాయి. అదే అదనని వదిన ముందుకెళ్లింది.

"అయ్యా, రోజూ పొద్దున రెండు బిందెల నీళ్లు ఇప్పించండి. ఇంకేమీ అడగను."

మంత్రిగారు కరిగిపోయారు. చెల్లెలి లాంటిదానివి, నిన్ను రెండు బిందెలతో సరిపెడతానా అంటూ కారులోంచి కానుక తెప్పించారు. మనిషెత్తు ప్లాస్టిక్ టమాటా మొక్క. ఎండకి వాడదు, నీళ్లకి పగలదు. అడుగున కూడా ఎర్రగానే ఉంది, తాడు దాటి వంగి మరీ చూశాను. వీధంతటికీ కనపడేలా దాన్ని పిట్టగోడ మీద బిగించి, కింద తన పేరు రాయించారు. తన మొక్క మీద దుమ్ము కనపడితే ఊరుకోనని అధికారిగారిని హెచ్చరించి వెళ్లిపోయారు.

ఆ మర్నాటి నుంచి రోజూ ఉదయం ఒకే వేళకి ట్యాంకరు వస్తోంది. ఒకతను పైపు పట్టుకుని పైకొచ్చి, ప్లాస్టిక్ మొక్కని ఆకు ఆకునా మెల్లగా తడిపి, తుడిచి వెళ్తాడు. ఎక్కువా పొయ్యడు, తక్కువా పొయ్యడు. వదిన చాలా రోజులు అటువైపు తలైనా తిప్పలేదు. ఓ పొద్దున మాత్రం ఏమనుకుందో ఏమో, కుండీలన్నీ ఈడ్చుకెళ్లి ఆ మొక్క కింద, ఆకుల నుంచి నీళ్లు కారే చోట వరసగా పెట్టింది. మధ్యాహ్నం వేళ దాని నీడ కూడా సరిగ్గా వాటి మీదే పడుతోంది.

ఈసారి కాయలు పైనుంచి చూసినా, కింద నుంచి చూసినా ఒకేలా ఉన్నాయి. వదిన మొదటి కాయ కోసి, ఉప్పద్ది నాకు సగం, అన్నయ్యకి సగం పెట్టింది. పథకం విజయవంతమైందని పేపర్లో మంత్రిగారి ఫొటో వేశారు. ఫొటోలో ఆయన పక్కన ప్లాస్టిక్ మొక్క ఉంది.

ఇప్పుడు మా వీధిలో ఇంటింటివాళ్లూ ప్లాస్టిక్ మొక్క కోసం అర్జీలు పెట్టుకుంటున్నారు. నేనూ పెట్టుకున్నాను. ఆకులు కాస్త ఎక్కువున్నది ఇప్పించమని రాశాను.